నా కోర్సుకు బదులు

మార్చి 27

గ్లెండా ఇవాళ ఒక కాగితాన్ని చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. మా విభాగం ఆఫీసు ఇరవై రెండేళ్లుగా ఆవిడ చేతిలోనే ఉంది. ఏది చూస్తే నాకు ఒళ్లు మండుతుందో ఆవిడకు బాగా తెలుసు.

"మళ్లీ టమారా దగ్గర చదివొచ్చిన పిల్లే. మూడోది," అంది.

డెలేనీ వోబ్రిల్, ఆఖరి సంవత్సరం. వృక్షశాస్త్రం డిగ్రీకి నా 'మొక్కల వర్గీకరణ' తప్పనిసరి. దానికి బదులుగా, నిరుడు వేసవిలో నది అవతలి రెండేళ్ల కాలేజీలో టమారా ప్రోకాప్ దగ్గర చదివిన కోర్సును లెక్కలోకి తీసుకోమని దరఖాస్తు. ఏ కోర్సుకు బదులు అడిగితే ఆ కోర్సు చెప్పేవాళ్లే తేల్చాలి, అది మా పద్ధతి. అంటే నేను తేల్చాలి. మొదటి రెండింటికీ నేను సెలవులో ఉన్నప్పుడు ఎవరో చదవకుండానే సంతకం పెట్టేశారు. మూడోది కూడా ఒప్పుకుంటే టమారా కోర్సు శాశ్వతంగా సమాన కోర్సుల పట్టికలోకి ఎక్కుతుంది. ఆ తర్వాత దరఖాస్తూ ఉండదు, నన్ను అడిగేదీ ఉండదు. అక్కడ ఫీజు మూడో వంతే. అందరూ వంతెన దాటి వెళ్లి చదువుకొస్తారు.

వచ్చే ఆగస్టుకు నా కోర్సులో ఇప్పటికి తొమ్మిది మంది చేరారు. పదిమంది లేకపోతే నడిపేది లేదని డీన్ ముందే చెప్పాడు. ఇరవై ఏడేళ్లుగా చెబుతున్న కోర్సు.

నాకు కుళ్లేమీ లేదు. ప్రమాణాలు చూడాలి. ఎవరో ఒకరు చూడాలి కదా.

మార్చి 28

టమారా నా దగ్గరే చదివింది. ఆరేళ్లు నా ల్యాబులో పనిచేసింది. మాస్టర్స్ అయ్యాక పీహెచ్‌డీకి వెళ్లొద్దని నేను అనలేదు. ఆలోచించుకోమన్నాను. అంతే.

ఏప్రిల్ 2

సిలబస్ పంపమని టమారా కాలేజీకి రాయించాను. పంపరేమో, పంపకపోతే అదే కారణం చూపి తిప్పికొట్టొచ్చు అనుకున్నాను. మర్నాటికల్లా వచ్చేసింది, ఆరు పేజీలు. ఐదో పేజీ దాకా చదివి బల్ల మీద విసిరికొట్టాను.

అది నా సిలబస్! వారాల వరుస నాది. పువ్వులు లేని మొక్కను ఎలా గుర్తుపట్టాలి అన్న పాఠాన్ని మూడో వారంలోనే పెట్టడం నా పద్ధతి, ఈ దేశంలో ఇంకెవరూ అలా పెట్టరు. ఎండబెట్టి అట్టలకు అంటించి తేవాల్సిన మొక్కలు యాభై, అదీ నా సంఖ్యే. "గుర్తుపట్టలేకపోతే మొక్కను తిట్టకండి" అన్న నా హాస్యం కూడా రెండో పేజీలో అలాగే ఉంది.

ఆఫీసులోకి వెళ్లి "ఇది దొంగతనం!" అన్నాను.

గ్లెండా కొలాచీ తింటోంది. మధ్యలో పండ్ల గుజ్జు పెట్టి వాళ్లమ్మ కాల్చిన తియ్యటి బన్ను. నోరు తుడుచుకుని, "అయితే రెండు కోర్సులూ ఒకటేనన్నమాట. సంతకం పెట్టు," అంది.

"ఒకటే ఎలా అవుతాయి? అది చెప్పేది టమారా!"

"ఒకటి కాకపోతే దొంగతనం ఎక్కడిది, తల్లీ?"

ఒక కొలాచీ నా చేతిలో పెట్టి, "ముందు ఇది తిను. ఏదో ఒకటి తేల్చుకుని తర్వాత అరుద్దువు గాని," అంది.

ఏప్రిల్ 3

దొంగతనమే.

ఏప్రిల్ 8

సేకరించిన మొక్కలు చూపించమని కబురు పెడితే డెలేనీ స్వయంగా మోసుకొచ్చింది. పొడుగు మనిషి. బూట్ల నిండా బురద, ముంజేతుల మీద గీతలు. తలుపు దగ్గరే బూట్లు విప్పి మేజోళ్లతో లోపలికి వచ్చింది. ఆ పని నా విద్యార్థులెవరూ చేయరు.

"మేడమ్, యాభై ఉన్నాయి. రోడ్ల పక్క గుంటల్లోవి, రైలు పట్టాల పక్కవి, పాత శ్మశానం కంచె దగ్గరవి. నాగలి పడని చోట వెతకమని టమారా చెప్పారు."

ఆ మాట నాది.

"నా కోర్సులోనే చేరొచ్చు కదా?"

"మీది ఆగస్టు నుంచి, పొద్దున ఎనిమిదింటికి కదండీ. నాకు ధాన్యం గోదాములో పని. కోతల రోజుల్లో తెల్లారేదగ్గర్నుంచి రాత్రి పది దాటేదాకా లారీలు వస్తూనే ఉంటాయి. అందుకే టమారా..."

టమారా ఇలా చూపిస్తారు. టమారా అలా నవ్విస్తారు. టమారా తన ట్రక్కు వెనక తలుపు దించి దాని మీదే పాఠం చెబుతారు, ఇంటి నుంచి మాంసం రొట్టెలు తెస్తారు. నలభై నిమిషాల్లో ఆ పేరు పద్నాలుగు సార్లు వచ్చింది. నేను పనిగట్టుకుని లెక్కపెట్టలేదు.

చివర్లో ఒక అట్ట చూపిస్తూ, "ఇది గడ్డి అనుకుంటారు గానీ తుంగ. కాడను వేళ్ల మధ్య దొర్లిస్తే మూడంచులు తగుల్తాయి చూడండి. టమారా చిట్కా," అని నాకు, నాకు నేర్పింది.

ఆ చిట్కా నాది. నేనే టమారా వేళ్ల మధ్య పెట్టి దొర్లించి చూపించాను. (నాకు మా ప్రొఫెసర్ ఓస్ట్‌బర్గ్ చూపించారు, అది వేరే సంగతి.)

మే ఒకటిలోగా దరఖాస్తు తేలకపోతే మే 5న ఆ అమ్మాయికి పట్టా రాదు. రోడ్ల పక్క పాత గడ్డినేలలను మళ్లీ పెంచే ఉద్యోగం ఒకటి ఇస్తామన్నారట, జూన్ ఒకటికి పట్టా చూపిస్తేనే. "నాకు ఈ ఉద్యోగం కావాలి మేడమ్. ఇంకేదీ వద్దు," అంది. బతిమాలలేదు. ఉన్నమాట చెప్పింది.

ఏప్రిల్ 11

సాయంత్రం దాకా ఆ అట్టలే చూశాను. మొక్కల వేళ్లు కడిగి మరీ ఎండబెట్టింది. ఒక్క ఆకైనా మడత పడలేదు. ఎక్కడ దొరికింది, నేల ఎలా ఉంది, పక్కన ఏ మొక్కలున్నాయి, అన్నీ చీటీల మీద రాసింది. నా క్లాసులో నిరుడు మొదటి మార్కు వచ్చినవాడి అట్టలు బీరువాలో ఉన్నాయి. తీసి పక్కన పెట్టి చూసి, మళ్లీ లోపల పెట్టేశాను.

ముప్పై ఒకటో అట్ట మాత్రం తప్పు. ఆ తుంగ మా జిల్లాలో లేదు. దొరికావు డెలేనీ. దొరికావు టమారా!

ఏప్రిల్ 12

మైక్రోస్కోపు కింద రెండు గంటలు చూశాను. సరిగ్గానే ఉంది.

ఏప్రిల్ 14

తిరస్కరించాను. కారణం: ల్యాబు గంటలు చాలవు. సిలబస్‌లో కూడితే నలభై. మావి నలభై ఐదు. అంకెల్లో ఉంది, నా అభిప్రాయం కాదు.

గ్లెండా చదివి, కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, "ఐదు గంటలకోసమా, వెర్నా?" అంది.

"ఐదంటే ఐదే."

ప్రాణం హాయిగా ఉంది. రాత్రి బాగా నిద్రపడుతుంది.

ఏప్రిల్ 15

పట్టలేదు.

ఏప్రిల్ 16

డెలేనీ వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"మేడమ్, రెండు శనివారాలు పొద్దున పూట బయట తిరిగాం. అవి లెక్కలోకి రావా?"

"కాగితంలో లేవు."

"అయ్యో, ఉన్నాయేమో అనుకున్నాను." వెంటనే తేరుకుంది. "ఐదు గంటలే కదండీ? ఆ ఐదూ మీ దగ్గరే చేస్తాను. మీ బీరువాలు తుడవమన్నా తుడుస్తాను."

ఒప్పుకున్నాను.

కాగితంలో లేవన్నాను. నేను చదివినంతలో లేవు.

ఏప్రిల్ 18

డెలేనీ రెండున్నర గంటలు హెర్బేరియంలో, ఎండబెట్టిన మొక్కలు దాచే మా గదిలో, పనిచేసింది. ఎన్నేళ్లుగానో కట్టలు కట్టి అటకెక్కించిన పాత సేకరణ ఒకటుంది, అందులోంచి పేరు లేని మొక్కలు తీసిచ్చాను. ఆ చేతులు చూడాలి! కాగితం ఎత్తడంలోనే తెలిసిపోతుంది. పదకొండు మొక్కలకు పేర్లు కనిపెట్టింది. పన్నెండోదాని దగ్గర ఆగిపోయి, "ఇది నాకు తెలీదు," అంది సంతోషంగా. తెలియనందుకు సంతోషపడే పిల్లలు ఎంతమంది ఉంటారు? ఆ పన్నెండోది మేమిద్దరం తలలు ఆనించి చూశాం. నేను మధ్యాహ్నం తినడం మర్చిపోయాను.

ఇవాళ ఆ పేరు రెండుసార్లే వచ్చింది.

ఏప్రిల్ 19

మిగతా రెండున్నర గంటలూ అయిపోయాయి. గడియారం చూసి ఆ అమ్మాయి లేస్తుంటే, ఇంకో కట్ట ఉందని అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. అంతకంటే పెద్దదే అడిగాను.

"ఆ ఉద్యోగం ఎక్కడికీ పోదు. ఆగస్టు నుంచి నా దగ్గర మాస్టర్స్ చెయ్యి. ఫీజు లేకుండా చూస్తాను. ఈ హెర్బేరియం అంతా నీ చేతికి అప్పజెబుతాను."

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. "నిజంగానా మేడమ్?" అంది. ఆ 'నిజంగానా' వినగానే నా వయసు పదేళ్లు తగ్గింది. వెంటనే, "టమారాను ఒక్కమాట అడిగి చెబుతానండీ," అంది.

టమారాను అడుగుతుందట! నేనిచ్చే దానికి టమారా అనుమతి! నవ్వుతూ తల ఊపి పంపించాను. దవడలు ఇప్పటికీ నొప్పిగా ఉన్నాయి.

ఏప్రిల్ 20

రాలేదు.

ఏప్రిల్ 22

వచ్చింది. తలుపు దగ్గర బూట్లు విప్పి, విప్పిన చోటే నిలబడింది.

"చాలా సంతోషం మేడమ్. కానీ ముందు ఉద్యోగం చేస్తాను. టమారా, ఎవరి మాటా వినొద్దు, నా మాట కూడా వినొద్దు, నీకేం కావాలో అది చెప్పెయ్ అన్నారు."

ఎంత నేర్పరి! వద్దనకుండానే వద్దనిపించింది.

"నా దరఖాస్తు..." అని డెలేనీ ఆగింది.

"చూస్తాను," అన్నాను.

సొరుగులో పెట్టాను. ఐదు గంటలూ పూర్తయ్యాయి, నిజమే. కానీ ల్యాబు గంటలు కోర్సు నడిచే రోజుల్లోనే చేయాలన్న నియమం ఎక్కడో ఉండాలి. వెతకాలి.

ఏప్రిల్ 23

అలాంటి నియమం లేదు.

ఏప్రిల్ 24

మళ్లీ వెతికాను.

టమారాను పీహెచ్‌డీ గురించి ఆలోచించుకోమన్నాను, అంతే. చిన్న కాలేజీలో పాఠాలు చెప్పుకోవడం నీకు నప్పుతుంది, పరిశోధనకు కావాల్సిన పట్టుదల నీలో నాకు కనిపించలేదు అన్నాను. దాని మంచికే అన్నాను. తప్పా? ఇవాళ హాయిగా ట్రక్కు మీద కూర్చుని పాఠాలు చెప్పుకుంటోందిగా!

ఏప్రిల్ 25

టమారా ఫోన్ చేసింది. తొమ్మిదేళ్ల తర్వాత ఆ గొంతు. ఫోన్ ఆఫీసులోదే, గ్లెండా ఎదురుగానే ఉంది. దొంగతనం గురించి కడిగి పారేద్దామని ఎప్పటినుంచో మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాను.

"మేడమ్, బాగున్నారా? మోకాలు ఎలా ఉంది?"

మోకాలి సంగతి దీనికెలా తెలుసు?

"బాగానే ఉంది. చూడు టమారా, నీ సిలబస్ చదివాను. అది..."

"మీదే కదండీ." నవ్వింది. "మీ దగ్గర తప్ప నేను ఎక్కడ నేర్చుకున్నాను? మూడో వారం పాఠం మార్చి చూశాను ఒకసారి. కుదర్లేదు. మళ్లీ మీ వరుసలోకే వచ్చాను. అదే రాశాను కదా, ఆరో పేజీ కింద. చూశారా?"

నేను ఫోన్ తీగను వేలికి చుట్టుకున్నాను.

"శనివారాల లెక్క కూడా ఆ పేజీలోనే ఉంది. డెలేనీ ఏదో గంటలు తగ్గాయంటుంటే..."

"నాకు ఐదు పేజీలే వచ్చాయి," అన్నాను.

గ్లెండా తల ఎత్తింది. ఆ ఆరూ లెక్కపెట్టి పిన్ను కొట్టి నా చేతికిచ్చింది ఆవిడే. ప్రతిదానికీ ఒక మాట విసిరే మనిషి ఏమీ అనలేదు. మళ్లీ తల దించుకుని టైపు చేసుకుంది.



"అలాగా మేడమ్," అంది టమారా. చాలా మెత్తగా అంది. "మళ్లీ పంపిస్తాను. ఇంకోమాట. నిరుడు ఆ అమ్మాయి వచ్చినప్పుడు, నది అవతల వెర్నా స్టోల్పే ఉండగా నా దగ్గరికెందుకొచ్చావ్ అని తిప్పి పంపించాను. గోదాము పని వల్ల కుదరదని మళ్లీ వచ్చింది. మీకు తెలియాలని చెబుతున్నాను."

ఆ అమ్మాయి నాకా మాట చెప్పలేదు. నేను అడిగితే కదా.

ఏప్రిల్ 26

ఆరో పేజీ కొత్తగా రానక్కర్లేదు. రెండో తేదీ నుంచీ నా బల్ల మీదే ఉంది.

రెండు శనివారాలు, రోజుకు నాలుగేసి గంటలు. నలభై, ఎనిమిది, నలభై ఎనిమిది. నాకంటే మూడు గంటలు ఎక్కువే చెబుతోంది. దాని కింద: "ఈ పాఠాల వరుస డాక్టర్ వెర్నా స్టోల్పేది. నాకు తెలిసిన మొక్కల్లో సగం ఆవిడ వేలు పెట్టి చూపించినవే. ఇందులో తప్పులుంటే అవి నావి."

పద్నాలుగున గంటలు కూడేటప్పుడు నేను ఆ పేజీ చూడలేదు.

చూశాను. శనివారాలు అన్న మాట కనబడగానే కాగితం తిప్పేశాను. అది చూడకపోవడం కాదు కదా. డెలేనీ అడిగినప్పుడు కూడా నాకు తెలుసు. ఐదు గంటలూ అనవసరమని తెలిసే చేయించుకున్నాను. ఆ పిల్ల గోదాము పని మానుకుని, జీతం పోగొట్టుకుని వచ్చింది. నేను ఆకలి మరిచి సంతోషపడ్డాను.

కుళ్లు. పేరు పెట్టి రాస్తే ఎలా ఉంటుందో చూద్దామని రాశాను. బాగాలేదు.

ఏప్రిల్ 27

సంతకం పెట్టాను. "రెండు కోర్సులూ ఏ విధంగా సమానం? వివరించండి" అన్న చోట నాలుగు గీతలున్నాయి. చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, "ఇది నా కోర్సే" అని రాశాను. రాశాక చూసుకుంటే అందులో గొప్పలు పోవడం కూడా ఉంది. ఉండనీ. అంతకంటే మంచిది నా చేతికి రాలేదు.

డెలేనీకి ఫోన్ చేసి చెప్పాను. శనివారాలు కాగితంలో ఉన్నాయని, నాకు ముందే తెలుసని, ఐదు గంటలూ అక్కర్లేదని కూడా చెప్పాను.

"మరి ఎందుకండీ?"

"నువ్వు ఆమె పేరు ఎక్కువసార్లు ఎత్తావు," అన్నాను.

అర్థమైందో లేదో. "సరేనండీ," అంది. తర్వాత, "ఆ పన్నెండో మొక్క పేరు తెలిసిందా మేడమ్?" అని అడిగింది. ఇంకా తెలియలేదన్నాను.

మే 2

టమారా కోర్సు పట్టికలోకి ఎక్కింది. గ్లెండా నన్ను పిలిచి మరీ చూపించి ఎక్కించింది. ఆగస్టుకు నా కోర్సులో తొమ్మిది మంది ఏడుగురయ్యారు. వార్త అంత తొందరగా ఎలా పాకుతుందో!

"నువ్వు కూడా వంతెన దాటెయ్. అక్కడ మాంసం రొట్టెలు పెడతారట," అంది గ్లెండా.

"నోరు ముయ్యి."

ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు, కానీ ఆవిడ కుర్చీ పక్కనే చాలాసేపు నిలబడ్డాను. ఆ ఆరు పేజీలకు కొట్టిన పిన్ను గురించి ఆవిడ ఇప్పటికీ ఎత్తలేదు. ఎత్తదు కూడా.

మే 5

పట్టాలిచ్చే పండగకు నేను మామూలుగా వెళ్లను. పొడుగు గౌను, ఎండ, రెండు వేల పేర్లు. ఇవాళ వెళ్లాను.

అయ్యాక పచ్చిక మీద డెలేనీ పరిగెత్తుకొచ్చింది, టోపీ చేత్తో పట్టుకుని. వెనకే టమారా. జుట్టు నెరిసింది. నా టమారాకు జుట్టు నెరవడమేమిటి! "మేడమ్," అంది. "టమారా," అన్నాను.

"మేడమ్, మా ఇద్దరికీ ఒక ఫోటో తీస్తారా?" అని డెలేనీ తన ఫోను నా చేతిలో పెట్టింది.

సంతకం పెట్టింది నేను, పట్టా ఇప్పించింది నేను, ఫోటో తీసేదీ నేనే!

"మీరు కూడా రండి మేడమ్, ఇంకెవరితోనైనా తీయిద్దాం," అంది టమారా.

"వద్దొద్దు. నిలబడండి," అన్నాను. నాలుగు తీశాను. చెయ్యి కదిలిందేమో అని ఇంకో రెండు తీశాను.

ఫోనులో చూస్తున్నాను కాబట్టి టమారా ముఖం బాగా దగ్గరగా కనిపించింది. కెమెరా వైపు చూడమంటే చూడదు. డెలేనీ వైపే చూస్తోంది, మాటిమాటికీ ఆ టోపీ కుచ్చు సర్దుతూ. కళ్లలో నీళ్లు, పళ్లన్నీ బయట. ఆ పిల్ల తన కడుపున పుట్టినట్టు, ఆ పట్టా తనకే ఇచ్చినట్టు.

నేనెప్పుడైనా ఎవరి వైపైనా అలా చూశానా అని కూర్చుని ఆలోచిస్తున్నాను. టమారా పరిశోధనలో తప్పేమీ లేదు. పట్టుదల నాకంటే ఎక్కువే ఉండేది. పీహెచ్‌డీ చేస్తే నన్ను దాటిపోతుందని నాకు మొదటి సంవత్సరంలోనే తెలిసింది. అందుకే వద్దన్నాను. అవును, వద్దన్నాను.

టమారా మాస్టర్స్ పట్టా పుచ్చుకున్న రోజున నేను వెళ్లలేదు. ఊళ్లోనే ఉన్నాను. ఒంట్లో బాగానే ఉంది. ఆ రోజు నాకు పనేమీ లేదు.